సర్ హంఫ్రీ పాత్రధారి నైజెల్ హాథోర్న్: యాభయ్యేళ్ళకు వచ్చిన పేరు వెనక ఏముంది?

మీరు అడిగినవి రెండు. బీబీసీ సీరియల్ 'ఎస్ మినిస్టర్'లో సర్ హంఫ్రీ యాపిల్‌బీగా వేసిన నైజెల్ హాథోర్న్‌కి యాభయ్యేళ్ళ దాకా పేరు ఎందుకు రాలేదు, అప్పటివరకూ ఏం చేశారు అన్నది మొదటిది. మీరూ స్టేజీ మీద వేస్తున్నారు గనక, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో కూడా తెలియకుండా ఆయన చెప్పే ఆ పొడుగాటి డైలాగుల కిటుకు ఏమిటన్నది రెండోది. చాలా ఏళ్ళు పరిషత్తు నాటకాలకు దర్శకత్వం చేసినవాణ్ణి కాబట్టి ఆయన్ని ఆ కళ్ళతోనే చూస్తూ వచ్చాను. నా దృష్టిలో ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కటే.

ముందుగా ఒక మాట. హాథోర్న్‌ని హాస్యనటుడు అనుకుని చూస్తే ఆయన పట్టుబడరు. ఆయన వేసిన గొప్ప పాత్రలన్నీ ఒకే రకం మనుషులు: మాటనీ, ముఖాన్నీ, చుట్టూ ఉన్నవాళ్ళనీ గట్టిగా అదుపులో పెట్టుకోవాలని చూసేవాళ్ళు. ఆ అదుపు ఎప్పుడు, ఎంత జారుతుందన్నదే ఆయన నటన. నవ్వయినా కన్నీరయినా అక్కణ్ణుంచే వస్తుంది.

1929 ఏప్రిల్ 5న ఇంగ్లండ్‌లోని కొవెంట్రీలో పుట్టారు. తండ్రి డాక్టరు. పిల్లవాడికి మూడేళ్ళప్పుడు కుటుంబం దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌కి వెళ్ళిపోయింది. బడి, యూనివర్సిటీ అన్నీ అక్కడే. కొడుకు నటుడు కావడం తండ్రికి ఇష్టం లేదు. అయినా 1950లో కేప్‌టౌన్‌లోనే మొదటిసారి డబ్బు తీసుకుని స్టేజీ ఎక్కారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్ చేరారు.

ఆ రోజుల్లో బ్రిటన్‌లో నటన నేర్చుకునే పెద్ద బడి రెపర్టరీ కంపెనీలే. ఒక ఊళ్ళో ఒక థియేటర్, దానికి ఒక స్థిరమైన బృందం. వారానికో రెండు వారాలకో నాటకం మారిపోతుంది. రాత్రి ఒక నాటకం ఆడుతుంటే పగలు తర్వాతి నాటకానికి రిహార్సల్ జరుగుతుంటుంది. ఈ వారం నౌకరు, పై వారం జడ్జి, ఆ పై వారం ముసలి మేనమామ. సురభి వాళ్ళ జీవితం దగ్గరగా చూసినవాళ్ళకు ఇది వివరించి చెప్పక్కర్లేదు. హాథోర్న్ ఇంగ్లండ్‌లోని బక్స్టన్‌లో ఇలాంటి కంపెనీలోనే పనిచేశారు. కానీ అవకాశాలు ముందుకు సాగలేదు. అందగాడి వేషాలకు సరిపోయే ముఖం కాదు, మనిషి బిడియస్తుడు, పరిచయాలు లేవు. 1957లో తిరిగి దక్షిణాఫ్రికా వెళ్ళిపోయారు. అరవయ్యో దశకం మొదట్లో మళ్ళీ లండన్ వచ్చారు. అంటే ముప్ఫై దాటాక మళ్ళీ మొదటి మెట్టు.

ఆయన్ని మలుపు తిప్పింది జోన్ లిటిల్‌వుడ్ అనే దర్శకురాలు. తూర్పు లండన్‌లో, కార్మికులు ఎక్కువగా ఉండే స్ట్రాట్‌ఫోర్డ్ ఈస్ట్‌లో (షేక్‌స్పియర్ ఊరు వేరే) థియేటర్ వర్క్‌షాప్ అనే బృందాన్ని నడిపిన మనిషి ఆవిడ. కంఠస్థం చేసి అప్పజెప్పే నటన ఆవిడకు గిట్టేది కాదు. రిహార్సల్లో స్క్రిప్టు పక్కన పెట్టించి, సందర్భం చెప్పి, నటులే మాటలు పుట్టించుకునేలా చేసేది. ఆవిడ దగ్గర పనిచేశాకే తన నటన మారిందని హాథోర్న్ గౌరవంగా చెప్పుకునేవారు. ఇది నాకు ముఖ్యంగా కనిపిస్తుంది. ఎందుకంటే సర్ హంఫ్రీ డైలాగుల్లో ఒక్క అక్షరం కూడా అప్పటికప్పుడు పుట్టించింది కాదు, అంతా రచయితలు రాసిందే. అయినా అప్పుడే ఆ బుర్రలో తట్టినట్టు వినిపిస్తుంది. రాసిన మాటను అప్పుడే తట్టినట్టు చెప్పడం లిటిల్‌వుడ్ లాంటివాళ్ళ దగ్గర నలిగితేనే వస్తుంది.

1968లో రాయల్ కోర్ట్ థియేటర్‌లో ఎడ్వర్డ్ బాండ్ నాటకం 'ఎర్లీ మార్నింగ్'లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్‌గా వేశారు. నాటకాల్ని సెన్సారు చేసే లార్డ్ చాంబర్లెయిన్ కార్యాలయం నిషేధించిన నాటకం అది. బ్రిటన్‌లో నాటకాలకు సెన్సారు ఉన్న చివరి రోజులవి, ఆ ఏడాదే ఆ పద్ధతి రద్దయింది. టీవీలో మాత్రం అప్పటికి దొరికేవి ముక్కలే. ప్రసిద్ధ సీరియల్ 'డాడ్స్ ఆర్మీ'లో కూడా ఒకే ఒక ఎపిసోడ్‌లో, చిన్న వేషంలో, ఇలా వచ్చి అలా వెళ్ళిపోతారు.

1977 ఆయనకు మంచి ఏడాది. బీబీసీ 'మేరీ క్యూరీ' సీరియల్లో పియర్ క్యూరీగా వేశారు. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఆడిన పీటర్ నికోల్స్ నాటకం 'ప్రైవేట్స్ ఆన్ పెరేడ్'లో మేజర్ ఫ్లాక్ వేషం దొరికింది. మలయాలో బ్రిటిష్ సైనికుల్ని వినోదపరిచే ఆటపాటల దళానికి ఈ మేజర్ అధికారి. దేవుడి మీదా సామ్రాజ్యం మీదా నిండు నమ్మకం. ఆ నమ్మకంతోనే కుర్రాళ్ళని ప్రమాదంలోకి తోసేస్తాడు. ఈ పాత్రకు సహాయ నటుడిగా లండన్ వెస్ట్ ఎండ్ థియేటర్ల సంఘం అవార్డు వచ్చింది, ఇప్పుడు ఆలివియర్ అవార్డు అంటున్నది దాన్నే. మూడేళ్ళ తర్వాత రాబోయే హంఫ్రీ విత్తనం నాకు ఈ మేజర్‌లోనే కనిపిస్తుంది. పక్కవాళ్ళకు ఎంత వెర్రిగా అనిపించినా, తను చెప్పేది నూటికి నూరు పాళ్ళు సబబేనని నమ్మే మనిషి.

ఇక 'ఎస్ మినిస్టర్'. 1980 ఫిబ్రవరి 25న బీబీసీ 2లో మొదలైంది. హాథోర్న్‌కి అప్పటికి యాభై నిండి యాభై ఒకటో ఏడు పూర్తి కావస్తోంది. రచయితలు ఆంటొనీ జే, జొనాథన్ లిన్. లేని ఒక మంత్రిత్వ శాఖను ఊహించి, అందులో మంత్రిగా జిమ్ హాకర్‌ని, శాఖకు పెద్ద అధికారిగా సర్ హంఫ్రీని, ఇద్దరి మధ్య నలిగే ప్రైవేట్ సెక్రటరీగా బెర్నార్డ్‌ని పెట్టారు. తర్వాత హాకర్ ప్రధానమంత్రి అవుతాడు, సీరియల్ పేరు 'ఎస్ ప్రైమ్ మినిస్టర్'గా మారుతుంది. 1988 జనవరిలో ముగిసేసరికి మొత్తం 38 ఎపిసోడ్లు, అంతే. ఎనిమిదేళ్ళలో 38. ఆ పొదుపు వల్లే ఇవాళ్టికీ ఏ ఎపిసోడ్ నుంచి మొదలుపెట్టినా చప్పగా ఉండదు.

స్టూడియోలో ఎదురుగా ప్రేక్షకులు కూర్చుని ఉండగా రికార్డు చేసేవారు. మీరు వినే నవ్వులు వాళ్ళవే. నటుడికి ఇది కత్తి మీద సాము: కెమెరాకు తగ్గట్టు ముఖం చిన్నగా కదలాలి, హాల్లో నవ్వు లేచినప్పుడు స్టేజీ మీదలా ఆగాలి. ఆ ఆగే క్షణంలో హాథోర్న్ ఏం చేస్తారో గమనించండి. నవ్వు కోసం ఆగినట్టు ఉండరు. మంత్రికి తన మాట ఎక్కిందా లేదా అని చూస్తున్నట్టు ఉంటారు. ప్రేక్షకుల నవ్వు పాత్ర ఆలోచించుకునే సమయంలో కలిసిపోతుంది. మన వేదికల మీద నవ్వు రాగానే నటుడు పాత్ర వదిలేసి హాలు వైపు తిరగడం చూసి చూసి నాకు బాధేసేది. ఆ పని ఆయన ఒక్కసారి కూడా చేయరు.

పొడుగాటి డైలాగు సంగతి. హంఫ్రీ ఒక వాక్యం మొదలుపెడతాడు, దాంట్లోకి మినహాయింపు వస్తుంది, ఆ మినహాయింపుకు ఒక షరతు, షరతుకు ఒక ఉపమినహాయింపు, చివరికి అర్థమయ్యేది "కుదరదు" అని. బట్టీ పట్టి గబగబా వదిలేస్తే ఇది విన్యాసంగా మిగిలిపోతుంది, ప్రేక్షకుడు చప్పట్లు కొట్టి మరిచిపోతాడు. హాథోర్న్ దాన్ని వేగంగా చెప్పరు. స్పష్టంగా చెబుతారు. వాక్యం ఎక్కడ దిగబోతోందో ఆయనకు మొదటి మాటకే తెలుసు. మధ్యలో వచ్చే ప్రతి ముక్కనూ కొంచెం కింది స్థాయిలో పెట్టి, మళ్ళీ అసలు దారికి వచ్చినప్పుడు గొంతును సరిగ్గా వదిలిన శ్రుతి దగ్గర పట్టుకుంటారు. అందుకే అర్థం కాకపోయినా మనకు గందరగోళంగా ఉండదు. గందరగోళమంతా హాకర్ ముఖంలో ఉంటుంది.

ఆ ముఖం గురించి చెప్పకపోతే అన్యాయం. హాకర్‌గా వేసిన పాల్ ఎడింగ్టన్ లేకపోతే ఈ హంఫ్రీ లేడు. హంఫ్రీ పాత్రకు హాథోర్న్‌కి బాఫ్టా అవార్డు (బ్రిటన్‌లో సినిమా, టీవీలకు ఇచ్చేది) నాలుగుసార్లు వచ్చింది. ఎడింగ్టన్‌కి నామినేషన్లే తప్ప అవార్డు ఒక్కసారీ రాలేదు. నా మట్టుకు నాకు ఇది ఎప్పటికీ మింగుడుపడదు. వినడం కూడా నటనే. అవార్డులిచ్చేవాళ్ళకు మాట్లాడేవాడు కనబడినంతగా వినేవాడు కనబడడు.

ఇంకొకటి గమనించండి. దాదాపు ప్రతి ఎపిసోడూ "ఎస్ మినిస్టర్" అన్న మాటతోనే ముగుస్తుంది. ఒక వారం అది గెలుపు, ఒక వారం ఓటమి, ఒక వారం మర్యాదగా చేసిన బెదిరింపు. ఒకసారి ఊపిరి బిగబట్టి అంటాడు, మరోసారి అప్పుడే భోంచేసి లేచినవాడిలా అంటాడు. అవే రెండు మాటలు, మాడ్యులేషన్ మాత్రం ప్రతిసారీ వేరు. మీ బృందంలో కొత్తవాళ్ళకు వాచికం నేర్పాలంటే ఆ చివరి నిమిషాలన్నీ వరసగా వేసి చూపించండి, చాలు.

అప్పటి బ్రిటన్ ప్రధానమంత్రి మార్గరెట్ థాచర్‌కి ఈ సీరియల్ అంటే ప్రాణం. 1984లో ఒక అవార్డు సభలో ఆవిడ ఒక చిన్న స్కిట్ తయారు చేయించుకుని, హాథోర్న్, ఎడింగ్టన్‌లను పక్కన పెట్టుకుని తనే నటించింది. తమ పేరును ప్రధానమంత్రి రాజకీయంగా వాడుకోవడం ఇద్దరికీ ఇష్టం లేదు, కానీ తప్పించుకోలేకపోయారు. అధికారాన్ని ఎండగట్టే సీరియల్‌ని అధికారమే నెత్తిన పెట్టుకుంటే నటుడి పరిస్థితి ఎలా ఉంటుందో ఈ ఘటన చెబుతుంది.

మన దేశంలో దీన్ని 2001లో స్టార్ ప్లస్ వాళ్ళు హిందీలో 'జీ మంత్రీజీ'గా తీశారు. మంత్రిగా ఫరూఖ్ షేక్, సెక్రటరీగా జయంత్ కృపలానీ. జయంత్ బాగా చేశారు. అయితే హిందీ సంభాషణలో ఇంగ్లీషు వాక్యపు మెలికలు అలాగే దిగవు. హాస్యం ఎక్కువ భాగం ఫరూఖ్ షేక్ వైపు వెళ్ళిపోయింది. సచివాలయం వాతావరణం తెలిసిన మనవాళ్ళకు రెండూ పక్కపక్కన చూడటం మంచి పాఠం.

పేరు వచ్చాక ఎప్పుడూ హంఫ్రీ లాంటి వేషాలే వస్తాయేమోనన్న టెన్షన్ ఏ నటుడికైనా ఉంటుంది. ఆయన ఆ ఉచ్చులో పడలేదు. 1982లో బీబీసీ 'ద బార్చెస్టర్ క్రానికల్స్'లో ఆర్చ్‌డీకన్ గ్రాంట్లీగా వేశారు. కోపంతో కుతకుతలాడే మతాధికారి. ఎదురుగా అప్పటికి పెద్దగా పేరులేని అలన్ రిక్‌మన్. అదే ఏడాది వచ్చిన అటెన్‌బరో 'గాంధీ'లో కూడా ఒక చిన్న పాత్రలో కనబడతారు. 1985-86లో 'మాప్ అండ్ లూసియా'లో కుట్లు అల్లికలు, పియానోతో కాలక్షేపం చేసే జార్జీగా వేశారు. హంఫ్రీని చూసిన కళ్ళతో జార్జీని చూస్తే అదే మనిషి అంటే నమ్మబుద్ధి కాదు.

1989లో లండన్‌లో 'షాడోలాండ్స్' నాటకంలో రచయిత సి.ఎస్. లూయిస్‌గా వేశారు. పుస్తకాల మధ్య జీవితమంతా భద్రంగా గడిపిన పెద్దమనిషి ఆలస్యంగా ప్రేమలో పడి, ఆమెను క్యాన్సర్‌కి పోగొట్టుకునే కథ. న్యూయార్క్‌లో కూడా ఆడి 1991లో అమెరికా నాటకరంగపు టోనీ అవార్డు తెచ్చుకున్నారు. సినిమా తీసినప్పుడు మాత్రం ఆ పాత్ర ఆంథొనీ హాప్కిన్స్‌కి వెళ్ళింది. హాప్కిన్స్ గొప్ప నటుడే, ఆ సినిమా కూడా మంచిదే. కానీ స్టేజీ మీద ఒక పాత్రను నెలల తరబడి మోసినవాడికి అది ఎంత దెబ్బో నాటకం వేసే మీకు వేరే చెప్పనక్కర్లేదు.

అందుకే తర్వాతి సంగతి నాకు చాలా ఇష్టం. 1991లో నేషనల్ థియేటర్‌లో అలన్ బెనెట్ రాసిన 'ద మ్యాడ్‌నెస్ ఆఫ్ జార్జ్ III', దర్శకుడు నికొలస్ హైట్నర్. 1788లో రాజు మూడో జార్జ్‌కి మతి చలించినప్పటి కథ. హాథోర్న్‌కి ఆలివియర్ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. సినిమాగా తీసేటప్పుడు రచయిత, దర్శకుడు ఇద్దరూ రాజు వేషం ఆయనకే అని పట్టుబట్టారు, ఈసారి పాత్ర చేజారలేదు. 1994లో వచ్చిన ఆ సినిమాకు ఆయనకు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. ఆ ఏడాది ఆస్కార్ టామ్ హాంక్స్‌కి వెళ్ళినా, బ్రిటన్‌లో బాఫ్టా ఉత్తమ నటుడు హాథోర్నే.

ఈ నటనను విడమరిచి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న రాజు ప్రతి వాక్యం చివరా "వాట్, వాట్" అంటుంటాడు. అది చాదస్తంలా వినిపిస్తుంది. జబ్బు ముదిరాక మాట ఆగదు, వరద. అప్పుడు ఆ "వాట్, వాట్" మాయమైపోతుంది. కోలుకున్నప్పుడు అది తిరిగి రావడమే మనిషి తిరిగి వచ్చాడనడానికి గుర్తు. హాథోర్న్ మొదట్లో ఆ ఊతపదాన్ని ఎక్కడా నవ్వు కోసం వాడుకోరు. వాడుకుని ఉంటే చివర్లో అది మన కళ్ళు తడిపేది కాదు. మతి తప్పిన దృశ్యాల్లో కూడా అరుపులు చాలా తక్కువ. తన నోటి నుంచి ఏం వస్తోందో తనకే తెలుస్తూ ఆపుకోలేకపోతున్న మనిషి సిగ్గు ఉంటుంది. చికిత్స చేసే డాక్టర్ విలిస్ రాజును కట్లతో కుర్చీలో బంధించే సమయంలో, రాజుల పట్టాభిషేకానికి వాయించే హాండెల్ సంగీతం వినిపిస్తుంది. సింహాసనానికి బదులు ఆ కుర్చీ. ఆ దృశ్యంలో ఆయన ముఖం చూడండి. కోపం ఉన్న చోట అయోమయం, అయోమయం ఉన్న చోట పసిపిల్లవాడి భయం, ఒకదాని మీదుగా ఒకటి జారిపోతాయి. పిచ్చివాడి వేషం అంటే జుట్టు చెరుపుకుని కళ్ళు తిప్పడం అనుకునే నటులకు ఇంతకు మించిన గురువు లేడు.

సర్ హంఫ్రీనీ ఈ రాజునీ పక్కపక్కన పెట్టండి. ఒకడు మాటలతో లోకాన్ని అదుపులో పెట్టేవాడు, ఇంకొకడు మాటల మీదే అదుపు పోయినవాడు. ఒకే నటుడు ఒకే నైపుణ్యాన్ని రెండు వైపులనుంచీ వాడారు.

ఆయన సొంత జీవితంలోనూ దాచుకోవడం ఉంది. ఆయన స్వలింగ ప్రేమికుడు. ఇంగ్లండ్‌లో అది 1967 దాకా జైలుకు పంపే నేరం. అంటే యౌవనమంతా ఆ భయంలోనే గడిచింది. 1979 నుంచి ట్రెవర్ బెంథమ్‌తో కలిసి జీవించారు. బెంథమ్ స్టేజ్ మేనేజర్‌గా పనిచేసి తర్వాత రచయిత అయ్యారు. స్నేహితులకు తెలిసిన సంగతే గానీ ఇద్దరూ బయట చాటుకోలేదు. 1995 ఆస్కార్ వేడుకకు ముందు ఒక అమెరికన్ పత్రికతో మాట్లాడింది పట్టుకుని బ్రిటిష్ టాబ్లాయిడ్లు రచ్చ చేశాయి. జీవితంలో అతి పెద్ద గౌరవం అందిన రోజుల్లోనే ఇలా జరగడం ఆయన్ని బాగా గాయపరిచింది. అయినా ఇద్దరూ కలిసే ఆ వేడుకకు వెళ్ళారు. దాచుకోవాల్సి రావడమే ఆయన్ని గొప్ప నటుణ్ణి చేసిందని కొందరు తేలిగ్గా అనేస్తారు. నేనలా అనను. బాధను అలా మెచ్చుకోకూడదు. ఆయన్ని నటుణ్ణి చేసింది ముప్ఫై ఏళ్ళ పని.

హాలీవుడ్ సినిమాల గురించి ఎక్కువ చెప్పను. 'డెమోలిషన్ మ్యాన్'లో విలన్‌గా, స్పీల్‌బర్గ్ 'అమిస్టాడ్'లో అమెరికా అధ్యక్షుడు వాన్ బ్యూరన్‌గా కనబడతారు. వాటికంటే 1996లో వచ్చిన షేక్‌స్పియర్ కథ 'ట్వెల్ఫ్త్ నైట్'లో మాల్వోలియో, 1999 నాటి 'ద విన్స్‌లో బాయ్'లో తండ్రి పాత్ర వెతికి చూడదగ్గవి. టీవీలో 'ద ఫ్రాజైల్ హార్ట్'లో గుండె సర్జన్‌గా వేసి మరో బాఫ్టా తెచ్చుకున్నారు.

1999లో సర్ బిరుదు వచ్చింది. అదే ఏడాది డెబ్భయ్యేళ్ళ వయసులో షేక్‌స్పియర్ నాటకంలో కింగ్ లియర్ వేశారు. జపాన్ దర్శకుడు యుకియో నినగావా, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ కలిసి చేసిన ప్రదర్శన. జపాన్‌లో మొదలై లండన్‌కీ, షేక్‌స్పియర్ ఊరు స్ట్రాట్‌ఫోర్డ్‌కీ వచ్చింది. తుఫాను దృశ్యంలో పైనుంచి రాళ్ళు దబదబా పడేవి. లండన్ విమర్శకులు చీల్చి చెండాడారు, లియర్‌కి కావలసిన ఉగ్రత లేదన్నారు. బహుశా అది నిజమే. ఆయన బలం విరుచుకుపడటంలో లేదు, కుంగడంలో ఉంది. 'మ్యాడ్‌నెస్'లో కోలుకుంటున్న రాజు 'కింగ్ లియర్' పుస్తకం తెచ్చి చదివించే దృశ్యం ఒకటుంది. నా లెక్కలో ఆయన వేసిన అసలైన లియర్ ఆ కాసేపే. స్టేజీ మీద ఆ తర్వాత మళ్ళీ వేయలేదు. క్లోమ గ్రంథి క్యాన్సర్‌తో పోరాడుతూ, 2001 డిసెంబరు 26న హర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని తన ఇంట్లో గుండెపోటుతో పోయారు. ఆయన ఆత్మకథ మరుసటి ఏడాది వచ్చింది.

మీ రెండో ప్రశ్నకు పని చేసి చూడగలిగే జవాబు ఇస్తాను. పెద్ద డైలాగు దొరికితే ముందు బట్టీ పట్టకండి. దాన్ని మీ సొంత మాటల్లో ఒక్క ముక్కలో చెప్పండి: "సెలవు ఇవ్వను" అనో, "నన్ను వదిలి వెళ్ళకు" అనో. తర్వాత ఆ ఒక్క ముక్కను నేరుగా అనకుండా ఈ పాత్ర ఇంత చుట్టు ఎందుకు తిరుగుతోందో పట్టుకోండి. భయమా, మర్యాదా, ఎదుటివాణ్ణి అలవగొట్టాలనా? అది దొరికాక అసలు వాక్యపు కర్తా క్రియా మాత్రమే పైకి చదవండి. మధ్య ముక్కల్ని ఒక్కొక్కటిగా చేరుస్తూ, ప్రతిసారీ క్రియ దాకా ఊపిరి మిగిలేలా చూసుకోండి. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కాబట్టి ఈ సాధన మనకు ఇంకా అవసరం. చివరి మాట మింగేస్తే వాక్యమంతా పోయినట్టే. పరిషత్తు వేదికల మీద నేను విన్న తప్పుల్లో ఎక్కువ భాగం ఇదే. ఇదంతా ఎదురుగా వినే నటుణ్ణి కూర్చోబెట్టుకుని చేయండి, అద్దం ముందు వద్దు. అతని ముఖంలో అర్థం కావడం, కాకపోవడం చూస్తూ చెబితే ఎక్కడ ఆగాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

చూడటానికి వరస అడిగితే, ముందు 'బార్చెస్టర్ క్రానికల్స్', తర్వాత 'ఎస్ మినిస్టర్' మొదటి ఏడు ఎపిసోడ్లు, ఆ తర్వాత జార్జ్ రాజు సినిమా. సబ్‌టైటిల్స్ పెట్టుకుని ఒకసారి, తీసేసి ఒకసారి చూడండి. రెండోసారి హంఫ్రీ మాట్లాడుతున్నప్పుడు ఎడింగ్టన్‌ని మాత్రమే చూడండి.